మూడో పిలుపు

మా గంగాభవాని అత్త పాటలు బాగున్నాయా లేదా అని ఎవరినైనా అడగండి, నన్ను మాత్రం అడగొద్దు. నేను పక్షపాతినే. ఆమె చేతి ముద్ద తిని పెరిగినదాన్ని, ఆమె పాడితే బాగుందనకుండా ఏమంటాను? కానీ ఆ ఎండాకాలం మా పాళెంలో ఆమె పాట మీద తీర్పు చెప్పనివాడు లేడు. చెవుడున్నవాడు కూడా చెప్పాడు. ఆ తీర్పులు ముదిరి ముదిరి, మా బోటు నీళ్ళలోకి దిగుతుందా దిగదా అన్నదాకా వచ్చాయి.

ఏప్రిల్ సగంలో వేట ఆగిపోయింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు ఏటా ఆపేదే. జూన్ సగం దాకా బోట్లన్నీ ఇసుక మీదే పడి ఉంటాయి. మగవాళ్ళు వేలంపాట షెడ్డు కింద వలలు బాగుచేసుకుంటూ, పనిలో పనిగా ఊళ్ళో వాళ్ళందరినీ కూడా బాగుచేస్తుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అత్త ఆల్బం బయటికొచ్చింది.

ఆల్బం అంటే ఏడు పాటలు. అత్త వయసులో ఉన్నప్పుడు మద్రాసు పెద్ద హోటళ్ళలో ఫ్రెడ్డీ బ్యాండులో పాడేది. ఫ్రెడ్డీ సాక్సోఫోన్ ఊదేవాడు, ఈమె జాజ్, సోల్ అనే అమెరికా నల్లవాళ్ళ పాటలు పాడేది. చేపలు పట్టేవాళ్ళ పిల్లకు ఆ పాటలు ఎట్లా పట్టుబడ్డాయని అడిగితే, "అవి మాత్రం రాజులు కట్టిన పాటలా? అవీ రెక్కలు విరుచుకునేవాళ్ళ నోట్లో పుట్టినవేనంట. నాకెందుకు రావు?" అనేది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న మునెయ్య సముద్రంలో పోయాడు. అమ్మ అంతకుముందే లేదు. జాతరకని వచ్చిన అత్త మళ్ళీ మద్రాసు బండెక్కలేదు. చేపల గంప నెత్తికెత్తుకుని, నన్ను సాకింది. ఇందుకూరుపేట వీధుల్లో "వంజరాలమ్మో, రొయ్యలమ్మో" అని ఇన్నేళ్ళు అరిచి అరిచి, ఆ గొంతు గరుకెక్కింది.

పోయిన ఏడు ఫ్రెడ్డీ ఒక్కడే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తల మొత్తం నెరిసింది, నాలుగడుగులకే ఆయాసపడుతున్నాడు. "గంగా, పోయేలోగా ఒక్కటి చేసి పోదాం" అన్నాడు. అత్త గంప దించి, "నీ ఊపిరి నిలబడతాదా మరి?" అని అడిగింది. నెల్లూరులో ఒక చిన్న స్టూడియోలో అయింది ఆ పని. పాటలు పెట్టిన ఛానెల్ నా ఫోనులోనే ఉంది. ఉంచాలన్నా తీసెయ్యాలన్నా నా వేలే.

పాటలు బయటికొచ్చిన సాయంత్రం నాకు కాళ్ళు నేల మీద లేవు. ఫోను తీసుకుపోయి షెడ్డులోని స్పీకరుకు కలిపాను. మొదటి పాటకే మొదలైంది గోల.

"ఏంది మే వనజాక్షీ, మీ యత్తకు జలుబు చేసినప్పుడు రికార్డు పట్టుకున్యారా?" అన్నాడొకడు.

"ఇంగ్లీషోళ్ళ ఏడుపులో మన తెలుగు పోసినట్టుండాది" అన్నాడు ఇంకొకడు.

"మీ నోట్లో గడ్డి పెట్టా! విని చావండి" అన్నాను నేను. మూడో పాటకు ఒకరిద్దరు వలసూది పట్టుకునే తల ఊపడం చూశాను. నాలుగో పాటకు మా ఆయన చిన్నబాబు కాలు ఆడించాడు. అయిదోది అయ్యేసరికి ఎవడూ మాట్లాడటం లేదు. లోపల సంబరపడిపోయాను.

అప్పుడు ఆరో పాట వచ్చింది. దాన్ని నేనూ అదే మొదటిసారి వినడం. దానికి తాళం లేదు, సాక్సోఫోన్ కూడా దూరం నుంచి సన్నగా వస్తోంది. "ఒడ్డు ఈడుండాది, వచ్చెయ్యి నాయనా" అని అత్త గొంతు నిదానంగా లాగింది. అంతే, ఇళ్ళల్లో నుంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు. చేతిలో గరిటెలున్నవాళ్ళు గరిటెలతో, తల దువ్వుకుంటున్నవాళ్ళు జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ సముద్రం తట్టు పరిగెత్తారు. ముందు ముసలివాళ్ళు పరిగెత్తారు, వాళ్ళను చూసి వయసువాళ్ళు. "ఎవరు? ఎవరు పోయింది?" అని అరుపులు. ఒక్క బోటు నీళ్ళలో లేదు, ఒక్క మగవాడు వేటకు పోలేదు. ఆ సంగతి ఒక్కరికీ తోచలేదు. మా పక్కింటి నాగులమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఖాళీ సముద్రాన్ని చూస్తూ వణుకుతోంది.

షెడ్డులో ఉన్న మా పాళెం పెద్ద, పెద్దకాపు కామాక్షయ్య లేచి వచ్చి స్పీకరు తీగ పీకేశాడు. ఆయన మొహంలో రక్తం లేదు. ఆ తీగ నా ముందు పడేసి వెళ్ళిపోయాడు.

ఆ పాట ఏంటో ఆ రాత్రి అత్త చెప్పింది. ఒడ్డుకు దగ్గరలో మనిషి మునిగిపోతే, వెనకటి రోజుల్లో అలివి వల వేసేవాళ్ళు. రెండు వైపులా తాళ్ళు పట్టుకుని ఒడ్డు నుంచి లాగే పెద్ద వల అది. మామూలుగా అయితే కేకలూ సరసాలూ అరుచుకుంటూ లాగుతారు. శవం కోసమైతే ఎవరూ నోరెత్తరు. ఒక్కడే పెద్ద మనిషి, నీళ్ళ తట్టు తిరిగి, మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకు వల ఒడ్డుకు చేరాలి. ఆడవాళ్ళు ఆ ఇసుక మీద అడుగు పెట్టకూడదు, వల తేలేదాకా వెనక సరుగుడు చెట్ల దగ్గరే ఉండాలి. ఇప్పుడు మర బోట్లేసుకుని పోలీసులు వెతుకుతున్నారు, ఆ వలా లేదు, ఆ పిలుపూ లేదు.

"మీ నాయనకు వేసిందే కడాకరుది, ఆ తర్వాత ఇంక వెయ్యలా" అంది అత్త. "నువ్వు నా వొళ్ళోనే ఉండావు. నీ చెవులు మూసేసినా."

నాకు చెట్లు గుర్తున్నాయి, అత్త చేతుల మద్రాసు సబ్బు వాసన గుర్తుంది. శబ్దం మాత్రం ఏదీ గుర్తు లేదు.

మర్నాటి నుంచి పాట కింద అభిప్రాయాలు పడటం మొదలైంది. ఎక్కడెక్కడివాళ్ళో రాశారు. నేను అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చదివేదాన్ని, అత్త ఎండుచేపలు తిప్పుకుంటూ జవాబు చెప్పేది.

"ఈ వయసులో భజనలు పాడుకోక ఇవేం పాటలు, అంటున్నాడత్తా ఒకడు."

"దేవుడికి నిద్ర పట్టాలని వాళ్ళమ్మ చేత పాడించుకోమను."

"గొంతు గీసుకుపోయినా గుండెలో దిగిందని ఎవరో ఆనందకుమారి గారు రాసింది."

"ఆమెకు మంచి వంజరం ముక్క పెట్టాల."

"ఆరో పాట వింటే హాయిగా నిద్ర పడతాందంట."

దానికి మాత్రం అత్త తల పైకెత్తి సముద్రం తట్టు చూసింది. చేపను తిప్పి, "పట్టనీ పాపం" అంది.

అన్నిటికన్నా ఎక్కువమంది రాసింది ఒకే సంగతి. ఆరో పాటలో మూడోసారి పిలిచే చోట శ్రుతి పోయిందట. ఒకడు మర్యాదగా రాశాడు, ఒకడు వెటకారంగా రాశాడు, సంగీతం తెలిసినవాడొకడు అది ఎంత జారిందో కూడా లెక్కగట్టి రాశాడు. నిజమే, రెండు పిలుపులు గీత గీసినట్టు వస్తాయి. మూడోది మధ్యలో విరిగి, రెండుగా చీలి, ఎటో పోతుంది. ఫ్రెడ్డీ కూడా ఫోను చేశాడు.

"గంగా, అప్పుడే చెప్పినా నీకు. ఆ ఒక్క చోట మళ్ళీ పాడు. ఒక్క పూట పని."

"పాడను."

"అందరూ తప్పంటా ఉండారు గదా!"

"అననీ. నాకు చెవుల్లేక పాడినానా? అది అట్టనే ఉండాల."

ఎందుకో చెప్పమని నేనూ అడిగాను. "నీకు చెప్పేదానికి కాదులే, పోయి ఉప్పు తే" అని కసిరింది. మొండి ఘటం అంటే మా అత్తే.

బయటివాళ్ళ తీర్పులు ఫోనులో ఉండిపోయాయి. పాళెం తీర్పు మాత్రం గుమ్మంలోకి వచ్చింది. కామాక్షయ్య నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి, మా అరుగు కింద నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గంగా, ఆ పాట తీసెయ్యాల. గంగమ్మ రాయి ముందర తప్పయిందని చెప్పాల" అన్నాడు.

"ఏం తప్పు చేసినానన్నా?"

"ఆ పిలుపు మనిషి పోతేనే పిలిచేది. ఊరికే పిలిస్తే సముద్రం ఇంకొకర్ని అడుగుతాది. వేట మొదలయ్యేముందు పిలిచి పెట్టినావు. పైగా ఆడమనిషి నోటితో! మీ యన్నకు ఆ రోజు పిలిచినోణ్ణి నేను. పిలిచినాక నెలరోజులు నాకు అన్నం సయించలా. అది పాటా నీకు?"

"పాట కాకపోతే ఏంది? ఇన్నేళ్ళు నా లోపల ఇంకేం మోగలా, అదొక్కటే మోగింది. గంపెత్తుకోని పోతాంటే మోగింది, నిద్రలో మోగింది. నీకు అన్నం సయించలా నెలరోజులు. నాకు పాటే సయించలా ముప్పై ఏళ్ళు. ఇప్పుడు నోరు తెరిచినా. మూసుకోను."

కామాక్షయ్య చెడ్డవాడని నేను చెప్పను. ఆయన కళ్ళలో ఉన్నది కోపం కాదు, భయం. అందుకే నాకు ఇంకా మండింది. కోపానికైతే కోపంతో జవాబు చెప్పొచ్చు.

"అయితే దురాయి" అన్నాడాయన. దురాయి అంటే పాళెం కట్టడి. దాటినవాళ్ళతో ఎవరూ చెయ్యి కలపరు. "వేట మొదలయ్యే రోజున మీ బోటుకు ఒక్క భుజం పెట్టేది లేదు. పాట తీసేస్తే సరి. లేదంటే ఇసకలోనే ఉంటాది మీ బోటు."

మా ఒడ్డున బోటు నీళ్ళలోకి దిగాలంటే నాలుగిళ్ళ మగవాళ్ళు భుజాలు ఆనించి తొయ్యాల్సిందే. రెండు నెలల పస్తు తర్వాత మొదటి రోజుల్లోనే వల నిండుతుంది. ఆ రోజులు పోతే, ఏడంతా పోయినట్టే.

వాళ్ళు పోయాక చిన్నబాబు నా మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క పాట వనజా! ఇంకా ఆరుండాయి గదా! నీ వేలితో ఒక్క నొక్కు నొక్కితే అయిపోయె."

"నొక్కను."

"పిల్లోళ్ళకు ఏం పెడతావు, పాట పెడతావా?"

"నాకు మా అత్త ఏం పెట్టిందో అదే పెడతా. ఆమె నా కోసం పాట మానేసి గంపెత్తుకుంది. ఇప్పుడు నా గంప కోసం ఆమె పాట తీసెయ్యమంటావా? నీకు నోరెట్టా వచ్చింది?"

ఆయన కండువా దులిపి వెళ్ళిపోయాడు. లోపల నుంచి అన్నీ విన్న అత్త నా దగ్గరికి వచ్చింది. "బోటు మీది, కడుపు మీది. తీసేస్తే నేనేమీ అనుకోను. తప్పయిందని మాత్రం చెప్పను" అంది. ఫోను నా చేతిలోనే ఉంది. దాన్ని బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను.

మూడు రోజులు ఎవరూ మా ఇంటి గడప తొక్కలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీస్తున్నప్పుడు, నాగులమ్మ వెనక వాకిట్లో నుంచి వచ్చింది. ఆమె మొగుడు తుపానులో పోయాడు. నడిసముద్రంలో పోయినవాడికి వల వెయ్యరు, పిలుపూ ఉండదు. చిక్కలేదు, అంతే.

"పిల్లా, ఆ పాట ఉండాదా, తీసేసినావా?"

"ఉండాది నాగులక్కా."

"పెట్టు."

"ఆ రోజు అంత వణికితివే?"

"వణికితే? పెట్టమంటాండా గదా! నా మొగుణ్ణి ఎవురూ పిలవలా. ఒడ్డు ఈడుండాదని ఒక్కరన్నా చెప్పలా ఆయప్పకు. మీ యత్త పిలుస్తాంటే... ఆయన్నే పిలిచినట్టుండాది నాకు."

బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి తుడిచి పెట్టాను. నాగులమ్మ దాన్ని చెవికి ఆనించుకుని, గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుంది. మూడో పిలుపు దగ్గర ఆమె నోరు తెరుచుకుంది. శ్రుతి పోయిందని ఆమె అనలేదు. కళ్ళు తుడుచుకుని, "రేపూ వస్తా" అని పోయింది. మర్నాడు ఇంకొకామెను వెంటబెట్టుకొచ్చింది. ఆ తర్వాత మా వెనక వాకిట్లో మధ్యాహ్నాలు చోటు చాలలేదు. వాళ్ళందరూ మొగుళ్ళు పోయినవాళ్ళే.

వేట మొదలయ్యే రోజు వచ్చింది. తెల్లారేసరికి ఒడ్డంతా పసుపు, కర్పూరం, కొబ్బరికాయలు. ఒక్కొక్క బోటుకూ జనం చేరి, కేకలేస్తూ తోస్తున్నారు. మా బోటు దగ్గర చిన్నబాబు, ఆయన తమ్ముళ్ళిద్దరూ, నేనూ, అత్తా. బోటు నడపడానికి వాళ్ళు ముగ్గురూ చాలు, నీళ్ళదాకా తోయడానికి చాలరు. కామాక్షయ్య దూరంగా గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను కొంగు బిగించి భుజం ఆనించాను. ఆడమనిషి ముట్టుకుందని ఎవడో అరిచాడు. "ముట్టుకుంటా! తినేటప్పుడు నా చేత్తో వండిందేగా తింటావు!" అన్నాను. బోటు మాత్రం జానెడు కదల్లేదు.

అప్పుడు సరుగుడు చెట్లలో నుంచి నాగులమ్మ వచ్చింది. ఆమె వెనక మా వాకిట్లో కూర్చునే వాళ్ళందరూ. ఆ రోజు పొద్దున మొగుడు పోయిన ఆడది ఒడ్డుకు ఎదురు రాకూడదు, మా పాళెంలో అంతకు మించిన అపశకునం లేదు. గట్టు మీద మగవాళ్ళు గోలెత్తారు.

నాగులమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్ళ తట్టు తిరిగింది. "ఏందిరా అరస్తారు? మా మొగుళ్ళు పోయినప్పుడు ఎవురు ఎదురొచ్చినారు? ముత్తైదువులే గదా! అప్పుడు ఆగిందా సముద్రం?" అని, వచ్చి నా పక్కన భుజం ఆనించింది. "ఏమ్మే గంగా, చూస్తావేంది? పిలువు, తోసే పిలుపు!"

అత్త గొంతెత్తింది. ఎత్తింది గానీ, ఆమె పాత అలవాటు ఎక్కడికి పోతుంది? తాళం ఒకచోట పడితే ఆమె మాట కాస్త వెనకగా పడుతుంది. అందరం తలో క్షణంలో తోసి బొక్కబోర్లా పడ్డాం.

"నీ మద్రాసు తాళం తగలెయ్యా! మమ్మల్ని చంపుతావా? సరిగ్గా పిలువు!" అని నాగులమ్మ తిట్టింది. నోట్లో ఇసుకతోనే అందరం విరగబడి నవ్వాం. మొగుళ్ళు పోయినవాళ్ళు ఆ ఒడ్డున పగలబడి నవ్వడం అదే మొదటిసారి చూశాను. రెండోసారి అత్త సరిగ్గా పిలిచింది. బోటు కదిలింది. అల వచ్చి ముక్కును ఎత్తుకోగానే చిన్నబాబు ఎగిరి ఎక్కాడు. ఇంజను పట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి మాకందరికీ చేతులెత్తి దండం పెట్టాడు.

పొద్దు వాలేసరికి బోటు తిరిగి వచ్చింది. వల నిండలేదు, ఖాళీగానూ లేదు. ముగ్గురూ ఒళ్ళు నిమురుకుంటూ క్షేమంగా దిగారు, నాకు అది చాలు. మిగిలిన బోట్లన్నీ కూడా అంతే క్షేమంగా వచ్చాయి. సముద్రం ఎవరినీ అడగలేదు. మేం చేపలు వేరు చేస్తుంటే కామాక్షయ్య ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. కొట్లాటకేనని నేను పీత బుట్ట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూడలేదు.

"గంగా, ఆ పాట మొత్తం విన్యా. ఈ నెలంతా విన్యా, దొంగతనంగా."

"ఎట్టుండాది?"

"మూడో పిలుపు తప్పు పాడినావు. నేనట్ట పిలవలా. నా గొంతు విరగలా ఆ రోజు. విరగనిచ్చేదానికి లేదు, తాడు పట్టుకున్యోళ్ళు వదిలేస్తారు."

అత్త చేతులు కడుక్కుని లేచింది.

"తప్పు గాదన్నా. మొదటి రెండూ నీయే. మూడోది నీది ఒక్కడిదే గాదు. తాడు లాగేవాళ్ళ వాలకం చూసి, వలలో మా యన్న ఉండాడని అప్పటికే తెలిసిపోయింది మాకు. నువ్వు మూడోసారి పిలస్తాంటే, సరుగుడు చెట్ల కాడ మేమంతా ఒక్కసారిగా ఏడ్చినాం. ఆ ఏడుపు నీ పిలుపు మీద పడింది. నాకు ఎప్పుడు మోగినా ఆ రెండూ కలిసే మోగతాయి. నీ వీపు మా తట్టుండె. నీకు వినపడలా."

కామాక్షయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"తాడు వదలకూడదు గదా..." అన్నాడు చిన్నగా.

"వదలమని ఎవురన్నారు? తిరిగి ఒక్కసారి చూడొచ్చు గదా!"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇంకోసారి పెట్టు పాపా" అన్నాడు నాతో. నేను కొంగున ఉన్న ఫోను తీయబోతే, అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఫోనెందుకు? నేనుండా గదా."

ఆడది అడుగు పెట్టకూడని ఇసుక మీద, నీళ్ళ అంచున నిలబడి, మా అత్త మొదటి పిలుపు ఎత్తింది. నాగులమ్మా మిగిలినవాళ్ళూ చేపలు వదిలి లేచారు. రెండో పిలుపుకు కామాక్షయ్య మెల్లిగా సముద్రానికి వీపు పెట్టి, సరుగుడు చెట్ల తట్టు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు మూడోది వచ్చింది, విరిగి, చీలి, మా అందరి నోళ్ళలో నుంచీ. ఈసారి నా చెవులు ఎవరూ మూయలేదు.